కడగని రీలు

శుక్రవారం ఉదయం పది ఇరవైకి రాంచందర్ ఆ ఫిల్ము ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు బొమ్మలున్న నెగటివ్ ముక్క అది. రెండు నిమిషాలు చూసి భూతద్దం జేబులో వేసుకున్నాడు.

"దీనికి నారింజ రంగు లేదు," అన్నాడు.

గోడకు ఆనుకుని నిల్చున్న మహేశ్వరి తలెత్తింది. "ఉండాల్నా సార్?"

"మామూలు కలర్ నెగటివ్ అయితే అడుగున నారింజ పొర ఉంటదమ్మా. ఇది గాజు లెక్క తెల్లగున్నది. అంటే ఇది నెగటివ్ రీలు కాదు, స్లయిడ్ రీలు. దాని మందు దానికి వేరే ఉంటది. ఎవరో కావాలనే దీన్ని నెగటివ్ మందుల కడిగిన్రు. అట్ల కడిగితే రంగులు అదుపు తప్పుతయి. నీలం నీలంగ రాదు, ఎరుపు ఎరుపుగ రాదు."

"గదే ఆయన పిచ్చి," అంది మహేశ్వరి. ఆ మాటతో పాటు ముఖం మీదికి వచ్చిన నవ్వును ఆమె వెంటనే ఆపుకుంది. "లగ్గాల ఫోటోలు తీసి తీసి యాష్టకు వస్తే బాత్రూంల దూరి గివే కడిగెటోడు. మబ్బు ఆకుపచ్చగ వచ్చిందని నన్ను స్టవ్ కాడికెల్లి గుంజుకపోయి చూపెటోడు."

ఆమె భర్త రాజేశం ఒకప్పుడు కరీంనగర్‌లో కలర్ ల్యాబ్ నడిపినవాడు. రీళ్ల కాలం పోయాక ల్యాబ్ మూసేసి, భార్య టీచరుగా పనిచేస్తున్న శ్రీరాంపూర్‌కు వచ్చి చేరాడు. నిరుటి ఆషాఢంలో, వరద ఫోటోలు తీస్తానని చెన్నూరు దగ్గర గోదావరికి వెళ్లి తిరిగి రాలేదు. ఒడ్డున బండీ చెప్పులూ దొరికాయి. మనిషీ కెమెరా దొరకలేదు. అదే సాయంత్రం, అదే ఒడ్డున, ఇసుక లారీల కాపలాదారు హనుమండ్లు చక్రాల కింద పడి చనిపోయాడు. దాన్ని ప్రమాదమని రాసుకున్నారు. రాజేశం మునిగిపోయాడని రాసుకున్నారు. ఆ రెండు వాక్యాలనూ ఒకే కాగితం మీద పెట్టి చదివినవాడు రాంచందర్ ఒక్కడే.

ఆయన పోలీసు కాదు. కరీంనగర్ డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పి, సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి నిమ్మకాయ ఎందుకు నెత్తురు కారుస్తుందో చేసి చూపించినవాడు. ఉద్యోగ విరమణ తర్వాత జనం తమకు అర్థం కానివన్నీ ఆయన దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. ఆయన నమ్మేవాడు కాదు, అలాగని ఎగతాళి చేసేవాడూ కాదు. చూసి చెప్పేవాడు.

"కవరు ఎప్పుడు వచ్చింది?"

"శనివారం. ఐదో తారీఖు."

ముద్ర మంచిర్యాలది. జులై రెండు. చిరునామా అచ్చక్షరాల్లో ఉంది, లోపల ఉత్తరం లేదు. మహేశ్వరి ఫోన్‌లో ఫోటో తీసి రంగులు తిరగేసి ఉంచింది. రాంచందర్ ఒక్కొక్కటే చూశాడు. మొదటి దాంట్లో రోడ్డు అవతలి నుంచి, ఆమె ఇంటికి తాళం వేస్తోంది. రెండో దాంట్లో గేటు మీద చెయ్యి వేసి నిల్చుంది. బొమ్మ అంచున ఒక కారు సగం కనబడుతోంది. మూడో దాంట్లో మెట్టు మీద కూర్చుని ఎటో చూస్తోంది. నాలుగో దాంట్లో పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఎంత దగ్గరంటే చేతి గాజులు లెక్కపెట్టవచ్చు. ముఖాలు పసుపు, నీడలు ఊదా, ఆకాశం పచ్చి మామిడి రంగు.

గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న అత్తగారు ఎల్లక్క ఉండబట్టలేక అడిగింది. "సారూ, నా కొడుకు అవతలి లోకంల నుంచి చూస్తుండట. గందుకే రంగులు గట్లున్నయట. నిజమేనా?"

"ఎవరన్నరు అవ్వా?"

"కొండగట్టు కాడ ఒక సామి చెప్పిండు."

రాంచందర్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అవతలి లోకంల పోస్టాఫీసు ఉన్నదో లేదో నాకు తెల్వదు అవ్వా. కవరు మీద మాత్రం మంచిర్యాల ముద్ర ఉన్నది. మనం మంచిర్యాల కాడికెల్లి వెతుకుదాం."

ఎల్లక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎల్లుండి ఐతారం ఏడాది. చెన్నూరు గోదారి కాడ దినం చేస్తున్నం. పిల్ల ఇంకా మెట్టెలు తీయలే. కులపోళ్లు ఊకుంటలేరు. జర నువ్వన్న ఒక మాట చెప్పు, ఉన్నడా లేడా అని."

మహేశ్వరి తన కాలివేళ్ల వైపు చూసుకుంది. "చూసినవాళ్లు చెప్పనీ అత్తమ్మా. చూడనిదానికి నేను తీయ."

పది యాభైకి గేటు బయట కారు ఆగింది. ముదురు నీలం కారు. దిగినవాడు భానుప్రసాద్, కరీంనగర్‌లో ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ నడిపేవాడు. రాజేశం అన్న ఎల్లేశం మస్కట్ నుంచి ఫోన్ చేసి తనకు పని అప్పజెప్పాడని వచ్చి మూడు రోజులుగా ఈ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

"ఓహో, పెద్దసారు! నిమ్మకాయలు తెచ్చిన్రా?"

"ఈసారి మర్చిపోయిన భానూ. నీకు పని ఎప్పుడు అప్పజెప్పిండు ఎల్లేశం?"

"నన్నే అడుగుతున్రా? మంగళవారం, ఎనిమిదో తారీఖు. అంతకు ముందు నేను శ్రీరాంపూర్ మొఖం గూడ చూడలే. చాలా?"

"చాలు. ఈ బొమ్మల సంగతి ఏమనుకుంటున్నవ్?"

"అనుకునుడేంది, తేల్చేసిన." భానుప్రసాద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొదలు కంప్యూటర్ల పుట్టించిన్రు అనుకున్న. ఫిల్ము అని అమ్మ చూపింది, సరే. ఇగ రెండో బొమ్మల గేటు చూడున్రి. ఆకుపచ్చ. మరి బయటి గేటు?"

"నీలం."

"నీలం ఎప్పుడు వేసిన్రు అమ్మా?"

"దసరాకు," అంది మహేశ్వరి. "అంతకు ముందు ఆకుపచ్చనే."

"అయిపాయె! మనిషి పోయింది ఆషాఢంల, గేటుకు రంగు దసరాకు. బొమ్మల గేటు ఆకుపచ్చగుంటే అది ఆయన బతికున్నప్పుడు తీసిందే. పాత ఫిల్ము ఎవడికో దొరికింది, పోస్టు చేసిండు. ఇంకోటి, గా మూలకు ఆకుపచ్చ కారున్నది. గీ లైన్ల ఆకుపచ్చ కారు ఎవలికి లేదు. ఇల్లిల్లు తిరిగి అడిగిన. మనిషి లేడు సార్. ఐతారం నాడు చేసేది చేసుకోనియ్యున్రి. ఉత్తగ ఆశ పెట్టకున్రి ఆడిమనిషికి."

చివరి మాటలో నిజం ఉంది. రాంచందర్ దాన్ని కాదనలేకపోయాడు. ఆశ కూడా ఒక మందే, మోతాదు తెలియకుండా పోయకూడదు.

"నీ వాదన బాగున్నది భానూ," అన్నాడు. "ఒక్కటే తక్కువ. ఈ పద్ధతిల నీలం ఏ రంగుగ వస్తదో నీకూ తెల్వదు, నాకూ తెల్వదు. తెల్వనప్పుడు చేసి చూడాలె."

"ఎట్ల?"

"అమ్మా, ఆ రకం రీళ్లు ఇంట్ల ఉన్నయా?"

"ఫ్రిజ్‌ల రెండున్నయి సార్. పారేయబుద్ధి కాలే. పాత కెమెరా మేకుకే ఉన్నది."

పదకొండు ఐదుకు రాంచందర్ గేటు ముందు నిలబడి ఆరు బొమ్మలు తీశాడు. భానుప్రసాద్ కారు పక్కకు జరపబోతే వారించాడు. "ఉండనీ. గేటు ఎంత ఎత్తున్నదో కారుతోటి పోల్చుకోవచ్చు." అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు.

భానుప్రసాద్ నవ్వాడు. "తీసిన్రు సరే. మందు యాడిది? ఏడాది కిందట కలిపిన మందు చచ్చిపోయి ఉంటది. గంత మాత్రం నేను గూడ ఫోన్‌ల చదివిన."

"చచ్చిపోతే పోతది. రాకుంటే రాలేదనే చెప్త."

*

రాజేశం బాత్రూం ఇంటి వెనక, పెరటి చివర విడిగా ఉంది. దాని తాళం చెవి వంటింటి మేకుకు వేలాడుతుంది. రెండోది రాజేశం తాళాల గుత్తిలో ఉండేది. ఆ గుత్తి అతనితోనే పోయింది.

"చివరిసారి ఎప్పుడు తీసినవ్?"

"ఉగాదికి తుడిచిన. మళ్ల తీయలే."

తలుపు తెరుచుకుంది. అరుగు మీద బకెట్టు, నీళ్లు కాచే కడ్డీ, థర్మామీటరు, ఫిల్ము కడిగే మూతబిగువు డబ్బా, రెండు కూల్‌డ్రింక్ సీసాలు. ఒకదాని మీద ఒకటి, రెండోదాని మీద రెండు అని అంకెలు. ఒకటి డెవలపరు, రెండు బ్లీచు. గోడకు పైన వెంటిలేటరు, దానికి మడిచి కట్టిన నల్లగుడ్డ.

రాంచందర్ బకెట్టు బోర్లించి ఎక్కి వెంటిలేటరు లోంచి బయటికి చూశాడు. బట్టలు ఆరేసే ఇనుప తీగ. ఎడమ వైపు బొప్పాయి ఆకు ఒకటి వేలాడుతోంది. ఫోన్‌లోని నాలుగో బొమ్మ తీసి పక్కన పెట్టి చూశాడు. అదే తీగ, అదే ఆకు, అదే వాలు.

"అమ్మా, ఈ బొప్పాయి ఎప్పుడు పెట్టిన్రు?"

"కార్తీకంల అదే మొలిసింది సార్."

ఆయన మెల్లగా కిందికి దిగాడు. ఒక్క సాక్ష్యం మీద మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

మొదటి సీసాను వెలుతురులో పెట్టాడు. పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి. గాలి తగిలితే మందు పాడవుతుంది కాబట్టి సీసా నొక్కి గాలి తీసి మూత బిగించడం రాజేశం పద్ధతి అని మహేశ్వరి చెప్పింది. అయినా ఏడాదికి అది కషాయం రంగుకు తిరగాలి. ఇది పలచటి టీలా ఉంది.

రీలు బయటికి ఉన్న చివర నుంచి గోరంత ముక్క కత్తిరించాడు. వెలుతురు తగిలిన ముక్క అది. మందు బతికి ఉంటే నల్లబడాలి, చచ్చి ఉంటే ఉన్నట్టే ఉండాలి. గ్లాసులో కొంచెం మందు పోసి, వేడినీళ్లలో నిలిపి, ముక్కను వేసి గడియారం చూశాడు.

అర నిమిషం. ముక్క అంచు మసకబారింది.

ఒక నిమిషం. బూడిద రంగు.

రెండు నిమిషాలకు అది బొగ్గులా ఉంది.

మహేశ్వరికి ఆ పరీక్ష కొత్త కాదు. భర్త పక్కన నిలబడి వంద సార్లు చూసింది. గ్లాసు లోంచి కళ్లు తిప్పకుండా, ఊపిరి లాంటి గొంతుతో అడిగింది. "గిది ఎప్పుడు కలిపింది సార్?"

"నాలుగు వారాలు దాటదు."

"నేను కలపలే."

"తెలుసమ్మా."

ఆమె ముఖాన్ని గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. తర్వాత నల్లగుడ్డ దించింది, తలుపు కింద తువ్వాలు దూర్చింది. దీపం ఆర్పాక చీకట్లో రీలును ఆయన చేతుల్లోంచి తీసుకుని తానే డబ్బా లోపలి చుట్టకు ఎక్కించింది. ఆ వేళ్లకు అలవాటు పోలేదు.

"ఆయన ప్రతి స్లయిడ్ రీలుకు మొదట్ల కత్తెరతోటి ఒక గాటు పెట్టెటోడు సార్," అంది చీకట్లోంచి. "చీకట్ల వేలు పెడితే తెలుస్తదని. గిది ఆటాడే రీలు, లగ్గపోళ్లది కాదు, జర పైలం అని."

ముప్పై ఎనిమిది డిగ్రీలు. నాలుగు నిమిషాలు డెవలపరు, ఎనిమిది నిమిషాలు బ్లీచు, ఆపైన కడగడం. పన్నెండు ఐదుకు రాంచందర్ తడి ఫిల్మును పైకెత్తాడు. మొదట ఆరు బొమ్మలు. ఆ తర్వాత మూరెడు పొడవున ఖాళీ, గాజులా తెల్లగా, తీయని బొమ్మల ఖాళీ.

ఫోన్‌లో రంగులు తిరగేశారు. నీలం గేటు ఆకుపచ్చగా వచ్చింది. దాని పక్కన నిలిపిన నీలం కారు కూడా ఆకుపచ్చగా వచ్చింది.

మహేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాంచందర్ భూతద్దం తీశాడు. రంగు ఒక్కటే సరిపోదు. నీలం కార్లు జిల్లాలో వేలున్నాయి. కొత్త బొమ్మలో కారు వెనక తలుపు పిడి కింద అరచేతి వెడల్పు సొట్ట ఉంది. పోస్టులో వచ్చిన ముక్కలో కారు సగమే ఉంది. ఆ సగంలోనే పిడి ఉంది. పిడి కింద అదే సొట్ట.

రెండో తారీఖున పోస్టు చేసిన ఫిల్ములో, ఎనిమిదో తారీఖు దాకా ఈ ఊరి ముఖమే చూడనన్నవాడి కారు.

"చప్పుడు చేయకు," అన్నాడు రాంచందర్ చాలా మెల్లగా. "వాడు నీ బావ చెప్పిన పని కోసం రాలేదు. ఎల్లేశంకు తెల్వకుండనే చాలా రోజుల నుంచి ఈ ఇంటికి కాపలా కాస్తుండు. నీకోసం కాదు. నీ దగ్గరికి ఎవరు వస్తరో చూడటానికి. హనుమండ్లు ఎట్ల పోయిండో మీ ఆయన కెమెరాల పడి ఉండాలె, ఆ కెమెరా కోసం ఇసుక లారీలోళ్లు వీన్ని పెట్టి ఉండాలె. ఇది నా ఊహ. మిగతాది ఊహ కాదు. మీ ఆయన ఈ కారును చూపెట్టి నీకు జాగ్రత్త చెప్పిండు."

"జాగ్రత్త చెప్పనీకి ఒక్క బొమ్మ చాలు సార్." ఆమె ఫోన్‌లో మిగతా బొమ్మలు జరిపింది. "మిగిలిన మూడు నన్నెందుకు తీసిండు?"

రాంచందర్‌కు సమాధానం తెలుసు. అది రసాయన శాస్త్రంలోది కాదు కాబట్టి చెప్పలేదు.

*

వరండాలో భానుప్రసాద్ రెండో కప్పు టీ తాగుతున్నాడు. "ఏమాయె పెద్దసారూ?"

ఫలితం రాకపోతే రాలేదనే రాయండి, దిద్దకండి అని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన మనిషి, చేతిలోని ఫిల్మును అతని ముందుకు చాపాడు. కొసన కత్తిరించి తెచ్చిన ఖాళీ భాగం. ఆరు బొమ్మలూ మహేశ్వరి జాకెట్టులో ఉన్నాయి.

"ఏం రాలే భానూ. నువ్వన్నదే నిజం. మందు చచ్చిపోయింది."

భానుప్రసాద్ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఒక్క గీత లేదు. ఫిల్ము అబద్ధం చెప్పలేదు. చెప్పింది రాంచందర్.

"ఇగ మీరు గూడ ఒప్పుకోవాలె సార్. సైన్సే చెప్పింది కదా, మనిషి లేడని."

"సైన్సు మందు లేదని చెప్పింది. మనిషి సంగతి దానికి తెల్వదు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అలసట నటించవలసిన పని లేకపోయింది.

"ఏమమ్మా, మరి?" భానుప్రసాద్ గొంతు సానుభూతితో మెత్తబడింది, కళ్లు మాత్రం ఆమె ముఖం మీది నుంచి కదల్లేదు. "ఐతారం చెన్నూరుకు పోతున్నరు గదా? నేను గూడ వస్త. పెద్దమ్మకు తోడు."

మహేశ్వరి గుమ్మంలో నిలబడి ఉంది. ఏడాదిగా ఎవరు అడిగినా ఒకే జవాబు చెప్పిన మనిషి. ఎల్లక్క ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టు తల వంచుకుంది.

"రాండ్రి," అంది మహేశ్వరి. "గోదారి కాడనే తీస్త మెట్టెలు. అందరి ముంగట."

ఎల్లక్క కొంగులో ముఖం దాచుకుని బావురుమంది. భానుప్రసాద్ కప్పు కింద పెట్టి, సరైన మాట సరైన సమయంలో దొరికినవాడిలా లేచాడు. పన్నెండున్నరకు నీలం కారు మలుపు తిరిగింది.

"ఎందుకన్నవమ్మా ఆ మాట?" అన్నాడు రాంచందర్.

"తీయకుంటే వాడు పోడు సార్. నేను ఎదురుచూస్తున్నన్ని రోజులు వాడు నా గేటు ముంగటనే ఉంటడు. ఆశ వదిలిన అనుకుంటేనే పోతడు." ఆమె మెట్టు మీద కూర్చుంది. ఫోన్‌లోని మూడో బొమ్మలో ఎక్కడ కూర్చుందో అక్కడే. "ఏడాది బట్టి ఆయన ఉన్నడని తీయలే. గిప్పుడు ఉన్నడని తెలిసి తీస్త."

రాంచందర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆమె తర్కంలో తప్పు వెతికాడు. ఒకటి దొరికింది. దొరకకుండా ఉంటే బాగుండేది.

"నాలుగు బొమ్మలల్ల ఆయన ఒక్కోసారి ఒక్కో అడుగు దగ్గరికి వచ్చిండు. ఐతారం నాడు తన దినం చూడటానికి రాకుండ ఉంటడా? నువ్వు మెట్టెలు తీస్తుంటే చూసి ఊకుంటడా? ఆ ఒడ్డున భాను కూడా ఉంటడు."

మహేశ్వరి తన మెట్టెల వైపు చూసుకుంది. "నేను వదిలేసిన అనుకుంటడు. ముంగటికి వస్తడు."

"ఈరోజు శుక్రవారం. బడి మానేసి నువ్వు ఇంట్ల ఉన్నవు కాబట్టి పగలు రాలేదు. రేపు నువ్వు ఇంట్ల లేనప్పుడు రావచ్చు. ఉత్తరం పెడితే?"

"వాడు తాళం పగలగొట్టి ముందుగల చదివితే?"

మహేశ్వరి లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. మిగిలిన రెండో రీలును తెచ్చి కెమెరాలో ఎక్కించి ఆయన చేతికిచ్చింది.

పెరట్లో బండ మీద నిలబడి చీర కుచ్చిళ్లు జానెడు పైకి పట్టుకుంది. రెండు కాళ్లు, నాలుగు వెండి మెట్టెలు. వాటి పక్కన నేల మీద పలక పెట్టింది. బడి నుంచి తెచ్చిన పలక. దాని మీద సుద్దతో రెండే మాటలు రాసింది. 'ఐతారం రాకు.'

రాంచందర్ షట్టరు నొక్కాడు. అనుమానం మనిషి కనుక ఇంకో రెండు తీశాడు.

రీలును వెనక్కి చుట్టి, నాలుకలా ఉండే ఫిల్ము కొస బయటికి ఉండగానే ఆపి, తీసి ఇచ్చాడు. అరచేతిలో చిన్న డబ్బా. వెలుతురుకు తెరిస్తే ఏమీ మిగలదు. భాను దొరకబుచ్చుకున్నా ఇది మామూలు పాత రీలు. దీన్ని చదవాలంటే చీకట్లో నిలబడి, ముప్పై ఎనిమిది డిగ్రీల నీళ్లు కాచి, నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలి. అది చేయగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

కానీ ఈ పాత రీలు తన కోసమని ఆ ఒక్కడికి ఎలా తెలుస్తుంది? రాంచందర్ ఆ ప్రశ్న అడగబోయేలోపే ఆమె కత్తెర తీసుకుంది. నాలుక అంచున ఒక గాటు పెట్టింది. వేలితో తడిమి చూసుకుంది. దాని పక్కనే, వెంట్రుకవాసి దూరంలో, ఇంకో గాటు పెట్టింది.

"ఒకటి ఆయన పెట్టేది," అంది మహేశ్వరి. "రెండోది ఎవలదని చీకట్ల అడుగుతడు. నేనే అని తెలుస్తది."

డెవలపరు సీసాను రెండు చేతులతో నొక్కి, గాలి తీసి, మూత బిగించింది. దాని పక్కన రీలును నిలబెట్టి బాత్రూం తాళం వేసింది. ఆ తర్వాత చాలాసేపు చెయ్యి తాళం మీది నుంచి తీయలేదు.